ఏటా పూడ్చిన గుంతే మళ్ళీ పడుతోంది, ఈసారి మేమే పూడ్పించుకుంటే ఆగుతుందా?

హైదరాబాద్‌లో కాప్రా వైపు ఒక కాలనీ అసోసియేషన్ సెక్రటరీ గారు అడిగిన ప్రశ్న ఇది. కాలనీ మెయిన్ రోడ్డు ముప్పావు కిలోమీటరు ఉంటుంది. బీటీ (తారు) రోడ్డు, వేసి ఎనిమిదేళ్ళయింది. మధ్యలో ఒకసారి డ్రైనేజీ లైను కోసం తవ్వి పూడ్చారు. ఏటా వానలకి ముందు గుంతలు పూడుస్తారు, వినాయక చవితికల్లా అవే చోట్ల, లేదంటే పూడ్చిన గుంత పక్కనే, మళ్ళీ గుంతలు. "కాంట్రాక్టర్ తినేస్తున్నాడా? మంచి మెటీరియల్ వేస్తే నిలుస్తుందా? బస్తాల్లో వచ్చే రెడీమేడ్ తారు మిక్స్ కొందామని చందాలు వేసుకున్నాం, మేమే వేయించుకోవచ్చా?" అని అడిగారు. నాలుగు ఫోటోలు కూడా పెట్టారు.

సూటిగా చెప్తాను. బస్తా మిక్స్‌తో గుంత పూడుతుంది గానీ రోడ్డు బాగుపడదు. చుట్టూ ఉన్న రోడ్డు గట్టిగా ఉంటేనే ప్యాచ్ నిలుస్తుంది. మీ ఫోటోల్లో గుంతల కంటే, గుంతకీ గుంతకీ మధ్య మిగిలిన రోడ్డే నాకు ఎక్కువ భయం పుట్టించింది. అంతా చిన్న చిన్న గళ్ళుగా పగిలి ఉంది. మూడో ఫోటోలో పగుళ్ళ అంచుల వెంట తెల్లటి మట్టి పేరుకుని ఉంది. అంటే కింది పొర దెబ్బతింది. దాని మీద ఎంత మంచి మెటీరియల్ వేసినా ఒక వానాకాలం, మహా అయితే రెండు.

వానలో ఎవరూ పడిపోకుండా గుంతలు పూడ్చుకోండి, తప్పులేదు. చందా డబ్బంతా మాత్రం దానికే పెట్టకండి. ఎందుకో, మిగతాది దేనికి పెడితే మేలో కింద రాస్తున్నాను. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

నా సంగతి ఒక్క మాటలో: సిటీ రోడ్ల మీద మొదట కాంట్రాక్టర్ తరఫున సైట్ ఇంజినీరుగా, తర్వాత క్వాలిటీ టెస్టింగ్ వైపు పనిచేశాను. రెండు వైపులా కూర్చున్నవాణ్ణి కాబట్టి ఎవరినీ వెనకేసుకురావాల్సిన పని లేదు.

గుంత ఎక్కడ మొదలవుతుంది?

చక్రం తగిలి పైనుంచి చెక్కుకుపోతుందని చాలామంది అనుకుంటారు. కొన్ని అలాగే పడతాయి, కానీ మీలాంటి రోడ్డులో ఎక్కువగా కిందినుంచే వస్తాయి. కాలనీ రోడ్డు మీద కనిపించే నల్ల పొర మందం 25 నుంచి 40 మి.మీ. దాని కింద ఇంకో తారు పొర ఉండాలి గానీ కాలనీల్లో చాలాచోట్ల ఉండదు. ఆ కింద వెట్ మిక్స్ (తడిపి అణచిన కంకర), దాని కింద జీఎస్‌బీ (ముతక కంకర, మొరం పొర), అడుగున నేల. బరువు మోసేది ముఖ్యంగా ఆ కంకర పొరలు. పైన ఉన్న పల్చటి తారు పొర పని, నీళ్ళు లోపలికి దిగకుండా ఆపడం, బండికి నున్నటి దారి ఇవ్వడం.

తారు ఎండకీ గాలికీ ఏళ్ళ తరబడి గట్టిపడి పెళుసవుతుంది. వెంట్రుకంత పగులు వస్తుంది. మృగశిర కార్తెలో పడ్డ మొదటి వానకే నీళ్ళు ఆ పగుల్లోంచి కంకరలోకి దిగుతాయి. నానిన కంకర మీద బస్సు చక్రం ఎక్కగానే లోపలి నీటికి పోవడానికి దారి దొరకదు. ఒత్తిడికి పగుల్లోంచే పైకి చిమ్ముతుంది, చిమ్ముతూ కంకర మధ్య ఉన్న సన్నటి పొడిని బయటికి మోసుకొస్తుంది. మీ మూడో ఫోటోలో కనిపించే తెల్లటి మట్టి అదే. పొడి పోయినకొద్దీ లోపల ఖాళీ ఏర్పడుతుంది, ఖాళీ మీద పైపొర వంగుతుంది, వంగిన ప్రతిసారీ పగులు పెరుగుతుంది. ఇంకోపక్క అదే నీరు రాయికీ తారుకీ మధ్య చొరబడి పట్టు ఊడగొడుతుంది. చివరికి ఒక గడి లేచిపోతుంది. మనం "గుంత పడింది" అనేది ఆ రోజు. అప్పటికే లోపల పాడవడం మొదలై చాలా కాలమై ఉంటుంది.

ఇక బరువు సంగతి. 1958-60 మధ్య అమెరికాలోని ఇల్లినాయ్‌లో 'ఆషో రోడ్ టెస్ట్' అని ఒక పెద్ద పరీక్ష జరిగింది. రోడ్డుకి జరిగే నష్టం ఇరుసు బరువుకి నాలుగో ఘాతంలో పెరుగుతుందని దాన్నుంచి తేలింది. బరువు రెట్టింపైతే నష్టం పదహారు రెట్లు. మన డిజైన్లలో స్టాండర్డ్ ఇరుసు బరువు 8.16 టన్నులు. నాలుగు చక్రాల ఇరుసుకి చట్టప్రకారం ఉన్న పరిమితిని 2018లో కేంద్రం 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకి పెంచింది. లెక్కేస్తే 10.2 టన్నుల ఇరుసు సుమారు రెండున్నర స్టాండర్డ్ ఇరుసులంత నష్టం చేస్తుంది, 11.5 టన్నుల ఇరుసు దాదాపు నాలుగంత. ఓవర్‌లోడ్ జోలికి వెళ్ళకుండానే ఇది. మీ రోడ్డు మీద తిరిగే కార్లూ బైకులూ లెక్కలోకే రావు. రోడ్డుని తినేది నీళ్ళ ట్యాంకర్లు, స్కూలు బస్సులు, కొత్త అపార్ట్‌మెంట్లకి కాంక్రీటు మోసే మిక్సర్ లారీలు. మీ సందులో రెండేళ్ళుగా ఏదైనా పెద్ద కన్‌స్ట్రక్షన్ నడుస్తోందా? ఉంటే ఆ వైపు లేన్‌లో గుంతలు ఎక్కువగా ఉన్నాయేమో చూడండి.

మీ గుంత ఏ రకమో మీరే తెలుసుకోవచ్చు. దీనికి ల్యాబ్ అక్కర్లేదు. వాన లేని రోజు గుంతలో రాళ్ళూ మట్టీ ఊడ్చేసి అడుగు చూడండి. అడుగున గట్టి నల్ల పొరే కనిపించి, ఇనుప కడ్డీతో పొడిస్తే ఠంగుమంటే పైపొర మాత్రమే లేచిందన్నమాట. అలాంటి గుంతకి మంచి ప్యాచ్ వేస్తే ఏళ్ళ తరబడి ఉంటుంది. కడ్డీ మెత్తగా దిగిపోయి, తడి మొరమో బురద పట్టిన కంకరో పైకి వస్తే కింది నుంచి పోయింది.

ఇంకో గుర్తు, నాకు దీని మీదే ఎక్కువ నమ్మకం. రాత్రి వాన పడి తెల్లారి ఎండ కాసిన రోజు, తొమ్మిదింటికల్లా రోడ్డు మీదికి వెళ్ళండి. రోడ్డంతా ఆరిపోయి ఉంటుంది, కొన్నిచోట్ల మాత్రం పగుళ్ళ గీతలు నల్లగా తడిగా కనిపిస్తాయి. అక్కడ లోపల నీళ్ళున్నాయి. ఇంకా గుంత పడకపోయినా సరే, పడబోయేది అక్కడే. సుద్దముక్కతో గీసి ఫోటో తీసి పెట్టుకోండి.

ప్యాచ్ ఎలా వేయాలి, నిజంగా ఎలా వేస్తారు

పద్ధతి ప్రకారం అయితే ముందు గుంత చుట్టూ పగిలిన భాగమంతా కలుపుకుని, గట్టి రోడ్డు తగిలేవరకూ నలుచదరంగా కోయాలి. అంచులు నిలువుగా ఉండాలి. లోపల వదులుగా ఉన్నదంతా తీసేసి, తడి ఉంటే ఆరబెట్టి, కింది కంకర పోయి ఉంటే కొత్త కంకర వేసి దిమ్మెస కొట్టాలి. తర్వాత అడుక్కీ, నాలుగు పక్కల అంచులకీ ఎమల్షన్ (నీళ్ళలో కలిపిన తారు) పూయాలి. పూసినప్పుడు అది గోధుమరంగులో ఉంటుంది, అందులోని నీళ్ళు విడిపోతే నల్లబడుతుంది. నల్లబడ్డాకే మిక్స్ వేయాలి. గుంత లోతుగా ఉంటే ఒక్కసారే నింపకుండా పొరలుగా వేస్తూ, పొర పొరకీ రోలర్‌తోనో ప్లేట్ కంపాక్టర్‌తోనో అణచాలి. వీజీ-30 రకం తారుతో వేడిగా కలిపిన హాట్ మిక్స్ అయితే రోలింగ్ పూర్తయ్యేసరికి ఇంకా 90 డిగ్రీల వేడి మిగిలి ఉండాలి. చివర్లో ప్యాచ్ అంచుల జాయింట్‌కి తారుతో సీల్ చేయాలి.

ఇక సైట్ మీద జరిగేది చూడండి. ప్లాంటు ఊరి బయట ఎక్కడో ఉంటుంది. టిప్పర్ ట్రాఫిక్ దాటుకుని వచ్చేసరికే మిక్స్ వేడి కొంత పోతుంది. ఒక టిప్పర్ మిక్స్‌తో ఆ రాత్రి పది వీధుల్లో గుంతలు పూడ్చాలి. మొదటి నాలుగైదు గుంతలకి మిక్స్ పొగలు కక్కుతూ పడుతుంది. చివరి వీధికి వచ్చేసరికి పారకి అంటుకోకుండా ముద్దలు ముద్దలుగా రాలుతుంటుంది. అప్పటికి ఎంత రోలింగ్ చేసినా అణగదు, లోపల గాలి ఖాళీలు మిగిలిపోతాయి. వాటిల్లోకే మళ్ళీ నీళ్ళు. నలుచదరంగా కోయడానికి కట్టర్ ఉండదు, ఉన్నా టైం ఉండదు. చీపురుతో నీళ్ళు బయటికి నెట్టి, మిక్స్ పోసి, పార వెనక్కి తిప్పి నాలుగు దెబ్బలు కొట్టి, "మిగతాది బండ్లే తొక్కుతాయి లే" అని మేస్త్రి వెళ్ళిపోతాడు. వాన జోరుగా ఉన్న రోజుల్లో రాయి తడిసి ఉంటుంది కాబట్టి హాట్ మిక్స్ ప్లాంట్లు సరిగా నడవవు. సరిగ్గా ఎక్కువ గుంతలు పడే నెలల్లోనే సరైన మెటీరియల్ దొరకదన్నమాట.

అందుకే బస్తా మిక్స్ వచ్చింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2014లో దీనికి ప్రత్యేకంగా స్పెసిఫికేషన్ కూడా ఇచ్చింది, ఐఆర్‌సీ 116. మంచిదే, వేడి చెయ్యక్కర్లేదు, వానాకాలంలోనూ వేయొచ్చు. కానీ చౌక కాదు, అదీ కిందినుంచి నానుతున్న గుంతలో వేస్తే మామూలు మిక్స్ పోయినట్టే పోతుంది. వేసిన ప్యాచ్ చెక్కుచెదరకుండా ఉండి, కింద ఉన్న కంకరతో సహా మొత్తం దిగబడిపోయిన చోట్లు కూడా చూశాను.

సరే, అంతా పద్ధతిగానే చేశారనుకుందాం. అయినా ఒక చిక్కు మిగులుతుంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మీటరు పొడవు, మీటరు వెడల్పు ప్యాచ్ వేస్తే నాలుగు మీటర్ల కొత్త జాయింట్ పుట్టినట్టే. పాత పెళుసు తారుకీ కొత్త మెత్తటి తారుకీ మధ్య ఉన్న ఆ గీత, రోడ్డులో అన్నింటికన్నా బలహీనమైన చోటు. పాత రోడ్డు గట్టిదైతే ఫరవాలేదు. అది ముందే పగిలి ఉంటే, ప్యాచ్ గట్టిగా నిలబడి పక్కనున్న రోడ్డు లేచిపోతుంది. "పూడ్చిన గుంత పక్కనే కొత్త గుంత" అని మీరు రాసింది ఇదే. వచ్చే ఏడాది దానికో ప్యాచ్, దాని పక్కన ఇంకోటి. నాలుగేళ్ళకి రోడ్డు కంటే జాయింట్లు ఎక్కువవుతాయి. పైగా ఎగుడుదిగుడు రోడ్డు మీద లారీ చక్రం ఎగిరి పడుతుంది కాబట్టి దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది.

నేను చూసిన రెండు రోడ్లు

ఒకటి చెరువు కట్టకి దిగువన ఉన్న కాలనీ రోడ్డు. మూడు నాలుగు సీజన్లు వరసగా ఒకే ఇరవై మీటర్ల ముక్కలో ప్యాచ్‌లు పోతూనే ఉన్నాయి. కాంట్రాక్టర్‌ని తిట్టారు, మార్చారు, కొత్తాయన వేసిందీ పోయింది. చివరికి ఏప్రిల్ నెలలో, ఎండలు మండుతున్నప్పుడు, అక్కడ ఒక టెస్ట్ పిట్ (కింది పొరలు చూడటానికి తవ్వే గుంత) తవ్వించాం. రెండడుగుల లోతులో మొరం చేత్తో పిండితే నీళ్ళు కారుతున్నాయి. ఎండాకాలంలో వాన నీళ్ళెక్కడివి? పక్కనే పాత తాగునీటి పైపు జాయింట్ సన్నగా కారుతోంది. పైకి కనబడదు, ఎవరూ కంప్లయింట్ ఇవ్వలేదు. జాయింట్ మార్చి, ఆ ఇరవై మీటర్లలో నానిన మొరం అంతా తీసేసి కొత్తగా జీఎస్‌బీ, వెట్ మిక్స్ వేసి పైన తారు పొర వేశాక ఆ ముక్క గొడవ తీరింది. అన్నేళ్ళ ప్యాచ్‌ల ఖర్చు ముందే ఈ పనికి పెడితే సరిపోయేది.

రెండోది బంజారాహిల్స్ వైపు ఒక ఏటవాలు రోడ్డు. కింద అంతా రాతి నేల, వాన నీరు నిమిషాల్లో జారిపోతుంది. అక్కడ చాలా మామూలుగా, చెప్పాలంటే నిర్లక్ష్యంగా వేసిన ప్యాచ్‌లు కూడా ఏళ్ళకేళ్ళు ఉన్నాయి. మెటీరియల్ అదే, లేబరూ అదే. అడుగున నేల, నీళ్ళు పోయే దారి వేరు. మెటీరియల్ మంచిది వేస్తే నిలుస్తుందా అన్న మీ ప్రశ్నకి ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

డ్రైనేజీ కోసం తవ్విన చోటు

మీ గుంతలు చాలావరకు ఒకే వరుసలో, మ్యాన్‌హోల్ నుంచి మ్యాన్‌హోల్‌కి గీత గీసినట్టు ఉన్నాయి. అది ట్రెంచ్ లైను, అంటే పైపు కోసం తవ్విన కందకం. తవ్విన మట్టినే మళ్ళీ లోపలికి నెట్టి, పైన ఒక పొర కంకర, ఒక పొర తారు వేసి వెళ్ళిపోతే ఆ మట్టి రెండు మూడు వానాకాలాల వరకు కుంగుతూనే ఉంటుంది. పద్ధతి ప్రకారం పల్చటి పొరలుగా వేస్తూ, నీళ్ళు చల్లి దిమ్మెస కొడుతూ పైకి రావాలి. ఇంకో సంగతి, తవ్వినప్పుడు ట్రెంచ్‌కి అటూ ఇటూ ఉన్న కంకర కూడా పట్టు వదిలి పక్కకి జారుతుంది. అందుకని రోడ్డు వేసేటప్పుడు ట్రెంచ్ వెడల్పు కంటే కనీసం ఒక అడుగు అటూ ఇటూ కలుపుకుని కొయ్యాలి. మ్యాన్‌హోల్ చుట్టూ అయితే ఇంకా జాగ్రత్త కావాలి. మ్యాన్‌హోల్ గోడ కదలదు, చుట్టూ మట్టి కుంగుతుంది, ఆ మధ్య సందులో గుంత గ్యారంటీ.

ఇది కుంగడం ఆగకుండా పైన ఏం వేసినా డబ్బు దండగ. వరసగా ఒకే లైన్లో కుంగుతున్నట్టయితే లోపల సీవర్ పైపే పగిలి మట్టిని లాక్కుంటుండొచ్చు. ముందు నీళ్ళూ డ్రైనేజీ చూసే జలమండలికి, 155313కి, కంప్లయింట్ ఇచ్చి లైను చెక్ చేయించండి. సిటీలో రోడ్డు ఒకరిది, దాని కింద పైపు ఇంకొకరిది, ఒకరు వేసిన వెంటనే ఇంకొకరు తవ్వడం మనకి అలవాటైపోయింది. మీ రోడ్డు కొత్తగా వేయించుకునే ముందు నీళ్ళు, డ్రైనేజీ, గ్యాస్, కేబుల్, అందరి తవ్వకాలూ అయిపోయాయని రాతపూర్వకంగా తెలుసుకోండి.

నీళ్ళ సంగతిలో మన వాటా

ఇది చెబితే కొందరికి కోపం వస్తుంది. మంచి బీటీ రోడ్డుకి మధ్య నుంచి అంచుకి నూటికి రెండు, రెండున్నర వాలు ఉండాలి. ఏడు మీటర్ల రోడ్డయితే మధ్యభాగం అంచుకన్నా ఏడు నుంచి తొమ్మిది సెంటీమీటర్ల దాకా ఎత్తు. పాత పొర గీకకుండా దాని మీదే పొర మీద పొర వేయడంతో చాలా కాలనీల్లో ఆ వాలు పోయింది, రోడ్డు ఇళ్ళ కంటే ఎత్తయింది. ఇళ్ళవాళ్ళేమో కారు ఎక్కడానికి గేటు ముందు సిమెంటు ర్యాంపు రోడ్డు మీదికి కట్టేశారు. రెండు ర్యాంపుల మధ్య నీళ్ళు నిలబడతాయి. దీనికి తోడు రోజూ పొద్దున్నే సంపు నిండి పొర్లే నీళ్ళు, కారు కడిగిన నీళ్ళు. వాన ఏడాదికి నాలుగు నెలలు పడితే ఇవి పన్నెండు నెలలూ పడతాయి. మీ రెండో ఫోటోలో గుంత సరిగ్గా ర్యాంపు కొసన ఉంది, చూసుకోండి.

2020 అక్టోబరు లాంటి వాన వస్తే, బేగంపేటలో ఒక్కరోజులో 190 మి.మీ. దాటింది అప్పుడు, ఎంత మంచి రోడ్డయినా దెబ్బతింటుంది. దాన్ని ఎవరూ ఆపలేరు. నేను చెప్పేది మామూలు వాన గురించి.

కాంట్రాక్టర్ తినేస్తున్నాడా?

తినేవాళ్ళు లేరని అనను. మందం తగ్గించడం, తారు శాతం తగ్గించడం, టాక్ కోట్ (కొత్త పొర కింద అంటుకోడానికి పూసే ఎమల్షన్) పూయకుండానే పూసినట్టు రాయడం, అన్నీ ఉన్నాయి. కానీ మీ రోడ్డులో నిజాయితీపరుడు వేసినా పోతుంది, ఎందుకంటే అతనికి ఇచ్చిన పని "గుంతలు పూడ్చు" అనే. నానిపోయిన గోడకి సున్నం కొట్టమని చెప్పి, సున్నం రాలిందని మేస్త్రిని తిట్టినట్టు ఉంటుంది. పూడ్చిన గుంతల లెక్కన బిల్లు వచ్చే పద్ధతిలో గుంతలు తగ్గాలని ఎవరికి మాత్రం ఉంటుంది?

ఆ లెక్క మార్చే ప్రయత్నం సిటీలో జరిగింది. సమగ్ర రోడ్ల నిర్వహణ కార్యక్రమం, సీఆర్‌ఎంపీ, కింద 709 కి.మీ. మెయిన్ రోడ్లని ఐదేళ్ళకి ఏజెన్సీలకి అప్పగించారు. కొత్త పొర వేసేదీ వాళ్ళే, ఐదేళ్ళు చూసుకునేదీ వాళ్ళే. ఆలోచన సరైనదని నా అభిప్రాయం, నాసిరకంగా వేస్తే వాళ్ళ జేబుకే చిల్లు. కానీ పాత జీహెచ్ఎంసీ హద్దుల్లోనే రోడ్లు దాదాపు 9 వేల కి.మీ. అందులో మీలాంటి కాలనీ రోడ్లన్నీ ఆ 709 బయటే.

మరి అసలు పూడ్చడం ఎందుకు?

ప్రాణాల కోసం. 2013 నుంచి 2017 వరకు దేశంలో గుంతల వల్ల జరిగిన ప్రమాదాల్లో 14,926 మంది చనిపోయారన్న లెక్క చూసి, ఇది ఒప్పుకోలేని విషయమని సుప్రీంకోర్టు 2018లో అంది. నీళ్ళు నిలిచిన గుంత లోతు బైకు మీద వచ్చేవాడికి తెలియదు. మన ఊళ్ళోనే గంగాధర్ తిలక్ గారని రైల్వేలో రిటైరైన పెద్దాయన, సొంత కారులో మెటీరియల్ వేసుకుని తిరుగుతూ గుంతలు పూడ్చి 'రోడ్ డాక్టర్' అని పేరు తెచ్చుకున్నారు. ఆయన చేసింది గొప్ప పని. పూడ్చడానికి వారం ఆగకూడదు, కనబడిన రోజే పూడ్చాలి. రోడ్డు బాగుచేయడం మాత్రం వేరే పని, దానికి వేరే ఎస్టిమేటు, వేరే టైము కావాలి. మొదటిది చేశాం కదా అని రెండోది వాయిదా వేయడంలోనే అసలు నష్టం.

ఎప్పటివరకు ప్యాచ్, ఎప్పుడు ఆపాలి అంటే, నా సొంత కొలత ఒకటి చెప్తాను, కోడ్ బుక్‌లోది కాదు. పగుళ్ళు, పాత ప్యాచ్‌లు, గుంతలు కలిపి రోడ్డు విస్తీర్ణంలో ఐదో వంతు దాటితే ఇక గుంతలు లెక్కపెట్టడం మానేయాలి. అంతకు చాలా ముందే, పగుళ్ళు సన్నగా ఉన్నప్పుడే సీల్ చేసి, పైపొర గీకి కొత్త పొర వేస్తే తక్కువలో పోతుంది. అప్పుడు రోడ్డు "బాగానే ఉంది కదా" అని ఎవరూ డబ్బు పెట్టరు. కంకర పొర పోయేదాకా ఆగితే ఖర్చు ఎన్నో రెట్లు. మీ రోడ్డులో కొంత భాగం ఇంకా మొదటి దశలోనే ఉంది. మెయిన్ గేటు వైపు మూడో వంతు నాకు గట్టిగానే కనిపిస్తోంది. దాన్ని ఇప్పుడు వదిలేస్తే అదీ మిగతాదాని దారే పడుతుంది.

మీ చందా డబ్బు సంగతి

కొన్ని బస్తాలు కొని పెట్టుకోండి, ఎమర్జెన్సీకి. వేసేటప్పుడు గుంతలో నీళ్ళూ బురదా పూర్తిగా తీసేయండి. పొరకి రెండంగుళాల కన్నా ఎక్కువ వేయకండి. పొర పొరకీ దిమ్మెస కొట్టి, చివరికి రోడ్డు కన్నా కొంచెం ఎత్తుగా ఉంచండి. ఇల్లు పడగొట్టిన ఇటుక ముక్కలూ మట్టీ మాత్రం వేయొద్దు. ఇటుక నీళ్ళు పీల్చి పొడైపోతుంది, మట్టి బురదై ఇంకో యాక్సిడెంట్‌కి కారణమవుతుంది.

మిగతా డబ్బు ఈ వరుసలో వాడండి. ముందు ఒక వానాకాలమంతా ఫోటోలు: ఏ కరెంటు స్తంభం నుంచి ఏ స్తంభం వరకు నీళ్ళు నిలుస్తున్నాయి, ఎక్కడ కుంగింది, ఏ తేదీన. ఒక రిటైర్డ్ ఇంజినీరుకి ఫీజిచ్చి రోడ్డంతా నడిపించి రిపోర్టు రాయించుకోండి. టెస్ట్ పిట్లు రెండు మూడు కావాలి, అవి మీరు సొంతంగా తవ్వొద్దు, అనుమతి కావాలి. వార్డు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారిని అడిగితే రోడ్డు కటింగ్ నిషేధం లేని నెలల్లో వాళ్ళ సమక్షంలో తవ్వొచ్చు. ఆర్టీఐలో పది రూపాయల ఫీజు కట్టి నాలుగు అడగండి: ఈ రోడ్డు చివరిసారి ఎప్పుడు వేశారు, ఏ పొర ఎంత మందం, డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ (లోపం వస్తే పని చేసినవాళ్ళే సరిచేయాల్సిన గడువు) ఎప్పటివరకు, డ్రైనేజీ తవ్వకం తర్వాత పూడ్చడానికి ఎంత కట్టారు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ట్రెంచ్ పూడ్చిన పని ఇంకా లయబిలిటీలో ఉంటే మీ సగం సమస్య వేరేవాళ్ళ ఖర్చుతోనే తీరుతుంది.

ప్రజావాణిలో అర్జీ ఇచ్చేటప్పుడు "గుంతలు పూడ్చండి" అని రాయకండి. రాస్తే పూడుస్తారు, అంతే, కంప్లయింట్ క్లోజ్ అయిపోతుంది. "ఫలానా స్తంభం నుంచి ఫలానా స్తంభం వరకు కింది పొర కుంగింది, తీసి కొత్తగా వేయడానికి, వరద కాలువకి, మిగతా భాగంలో పైపొర గీకి (మిల్లింగ్ చేసి) కొత్త పొరకి ఎస్టిమేటు వేయండి" అని రాయండి, రిపోర్టు, ఫోటోలు జతచేయండి. ఏఈ చేతికి రెడీగా కాగితం ఇస్తే పై ఆఫీసుకి పంపడం ఆయనకీ తేలిక.

అదే ప్రశ్న కింద కామెంట్లలో ఇంకొకరు "బీటీ గొడవ ఎందుకు, సీసీ (సిమెంటు కాంక్రీటు) వేయించేసుకోండి" అన్నారు. నీళ్ళు నిలిచే చోట సీసీ తారు కంటే మేలే, నాకూ ఇష్టమే. కానీ కింద పాత పైపులు అలాగే ఉంచి సీసీ వేస్తే, రేపు లీకేజీ వచ్చిన రోజు బ్రేకర్ పెట్టి పగలగొడతారు, ఆ ముక్క మళ్ళీ ఎప్పటికీ మిగతా స్లాబుతో కలవదు. పాత రోడ్డు తవ్వి తీయకుండా పైనే పోస్తే లెవెల్ ఇంకో ఆరేడు అంగుళాలు పెరిగి నీళ్ళు గేట్లలోకి వస్తాయి. సీసీకే వెళ్ళేట్టయితే, ఎస్టిమేటు వేసే రోజు లెవెల్ మిషన్‌తో ఇళ్ళ గడపల లెవెల్ తీయించి డ్రాయింగ్ మీద రాయించండి. ఆ అంకెలు లేకుండా పని మొదలుపెట్టనివ్వకండి.